నల్ల బిళ్ళ

మాడుగులపల్లి,
14-8-2003.

తమ్ముడు మధుసూదన్‌కు అక్క స్వరూప రాసేది.

ఫోన్ల అయితే సగం ఇని "అక్కా, గిరాకీ వచ్చిండు" అని పెట్టేస్తవ్. కాగితం మీదనైతే నా తిట్లు తుదకంట సదవక తప్పది. అందుకే రాస్తున్న.

నిన్న కోదాడ బస్సు మా అంగన్‌వాడి ముంగట ఆపి, కండక్టరు ఓ బిస్కెట్ల డబ్బా నా సేతుల పెట్టిండు. మీ తమ్ముడు ఇయ్యమన్నడు, భద్రమన్నడు అని సెప్పిండు. ఇన్నేండ్లకు తమ్మునికి మా బడిపిల్లలు యాదికొచ్చిండ్రని సంబురపడ్డ. పిల్లలంత సుట్టు మూగిండ్రు. మూత తీస్తే ఏముంది? దూదిల సుట్టిన ఇనప బిళ్ళలు, ఇరవై మూడు. కొన్ని సిలువలు, కొన్ని గుండ్రటియి, కొన్నిటికి రంగురంగుల పట్టీలు. పిల్లలు ఏడ్సిండ్రు. మా ఆయా ఏసమ్మ ఆ సిలువలు సూసి, "టీచరమ్మా, మీ తమ్ముడు ఎప్పుడు ప్రభువుల కలిసిండు?" అని అడిగింది. కలవలేదే అంటే నమ్మది. వచ్చే ఆదివారం నీ పేరు మీద ప్రార్థన పెట్టిస్తదట. సేయించుకో.

ఇంటికి తెచ్చినంక మీ బావ అండ్లకెల్లి ఒక్కటే తీసిండు. కోడిగుడ్డు ఆకారం, నల్లది. దాని మీద ఇనప టోపి, టోపి ఎనక రెండు కత్తులు, సుట్టు ఆకుల దండ. అటు తిప్పి ఇటు తిప్పి, "ఇది దెబ్బ తాకినోనికిచ్చేది" అన్నడు. నీకెట్ల తెలుసంటే, దాన్ని జేబుల ఏసుకున్నడు. ఆయన నోట్లకెల్లి మాట రావాలంటే గొర్రెనన్న తప్పిపోవాలె.

గంతల్నే హర్యా వచ్చి గేటు కాడ నిలబడ్డడు. నీకు తెల్వని ముచ్చటేం గాదు, అయినా మళ్ళొకసారి రాస్తున్న, నువ్వు ఇన్నట్టే ఇని మర్సిపోతవ్. మీ బావ, తండా హర్యా కొడుకు హీరాలాల్ ఒక్కనాడే మిలిట్రీ పట్టాలన్ల కలిసిండ్రు. లంక లడాయిల ఒక్కనాడే మీ బావ పాదం పోయింది, ఆ పిలగాని పానం పోయింది. పదహారేండ్లయింది. ఆ ముసలాయన ఒక్కటే అడుగుతడు, నా కొడుకు ఎట్ల సచ్చిండని. మీ బావ సంక కర్రలు పట్టుకొని ఎనక దర్వాజకెల్లి ఎల్లిపోతడు. నిన్న గూడ గంతే. తండా మూడు మైళ్ళు గూడ లేదు, ఒక్కనాడు పోలే. ఆ ముసలాయనకు మంచినీళ్ళిచ్చి, అబద్ధమాడి పంపుడు నా గాచారమైంది.

ఈ ఇనుము సంగతేందో ఎంటనే రాయి. లేకుంటే పాత సామాన్లాయనకేసి ఉల్లిగడ్డలు తీసుకుంట.

నీ మీద కోపంతోనే,
స్వరూప


కోదాడ,
22-8-2003.

అక్కకు, బావకు మధు నమస్కారాలు.

ఉల్లిగడ్డలు నేనే బస్తా పంపిస్తాను, ఆ డబ్బా జోలికి మాత్రం పోకు.

పద్మ పోరు పడలేక పంపాను. చచ్చినోళ్ళ ఇనుము ఇంట్లో ఉంటే తాను పుట్టింటికి పోతానంది. పుట్టిల్లు ఇదే వీధిలో నాలుగిళ్ళ అవతల, అయినా భయపడ్డాను. నాగార్జునసాగర్ ఎడమ కాల్వలో పారేశానని చెప్పాను. కనుక ఈ విషయం పద్మ చెవిన పడకూడదు.

అవి జర్మనీ బిళ్ళలక్కా. రెండో ప్రపంచ యుద్ధంలో హిట్లర్ సిపాయిలకిచ్చిన మెడల్స్. ఓడిపోయాక వాటిని పెట్టుకోవడమే నేరమన్నారు. పన్నెండేళ్ళకి, 1957లో, అక్కడి సర్కారు కొత్త చట్టం చేసింది. దెబ్బలు తిన్నవాళ్ళు, సేవ చేసినవాళ్ళు మళ్ళీ పెట్టుకోవచ్చు, కానీ ఆ స్వస్తిక్ గుర్తు తీసేసి కొత్తగా పోయించినవే పెట్టుకోవాలని. సిలువల మీద గుర్తు పోయి ఆకులొచ్చాయి. టోపీ మీద గుర్తు పోయి ఉత్త టోపీ మిగిలింది. పాతవి లోకమంతా ఎగబడి ఏరుకుంటారు. నేను మార్చినవే ఏరుతాను. కావాలనుకున్నవాడు మళ్ళీ వెళ్ళి అడిగి చేయించుకోవాలి కదా. అడిగినవాడు ఏమనుకుని అడిగాడో అని ఆలోచిస్తుంటే షాపులో కాలిన మోటార్లకు తీగ చుట్టేటప్పుడు నాకు పొద్దు తెలియదు. సూర్యాపేటలో ఇంటర్నెట్ సెంటరుకి వెళ్ళి అక్కడివాళ్ళకు రాస్తే, మన స్టాంపులకు బదులు పంపుతారు.

బావ చెప్పింది నిజం. ఆ కోడిగుడ్డు బిళ్ళ గాయపడ్డవాళ్ళది. ఒకటి రెండు దెబ్బలకు నల్లది. మూడు నాలుగైతే, లేదా కాలో చెయ్యో పోతే, వెండిది. ఇంకా ఎక్కువైతే బంగారు రంగుది.

మిగతా ఇరవై రెండూ ఒక ఎత్తు, ఆ నల్లది ఒక ఎత్తు. వాడపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో నేను పనిచేసినప్పుడు జర్మనీ నుంచి కొలిమి బిగించడానికొచ్చిన హైన్జ్ గారు తన చేత్తో ఇచ్చారు. వాళ్ళ నాన్నది. "నా దగ్గరుంటే ఏడుపొస్తుంది, నీ దగ్గరుంచు, నేనెప్పుడన్నా చూడాలంటే చూపించు" అన్నారు. నేను మాటిచ్చాను. దానికేమన్నా అయితే నేను మనిషిని కాను.

హర్యా సంగతి బావకు వదిలెయ్. మనం కెలకకూడదు.

తమ్ముడు,
మధు


మాడుగులపల్లి,
2-9-2003.

కోదాడ దొరవారికి,

అత్తగారి ఊరు పోయినంక "కనుక" "కూడదు" అని రాసుడు నేర్చినవ్. మనమ్మ బతికుంటే ఏం రాసినవో నేను తర్జుమా సేసి సెప్పాల్సొస్తుండె.

నీ ఉత్తరం రెండుసార్లు సదివిన. ఒకసారి ఇచ్చి, ఓడినంక పెట్టుకోవద్దని, పన్నెండేండ్లకు మళ్ళ కొత్తగ పోయించుకోండ్రి అన్నరు. మరి దెబ్బలు గూడ కొత్తగ తాకించుకోమన్నరా? ఏం సర్కారురా అది. పైగా తీసేసింది స్వస్తికా? నేను పొద్దుగాల లేసి దర్వాజ కడపకు పసుపు రాసి ఏసేది అదే. మిర్యాలగూడ రైసుమిల్లు లారీలన్నిటి మీద అదే. అదేం పాపం సేసింది?

ఇగ కెలకొద్దని నాకు సెప్తున్నవ్. ఎక్కడో సముద్రాలవతల సచ్చినోనికి ఎన్ని దెబ్బలు తాకినయో ఏలు మడిసి లెక్క సెప్తవ్. నీ సొంత బావ పూణె మిలిట్రీ దవాఖానల సేయించిన ఇనప కాలును మేకుకు తగిలించి పదహారేండ్లయింది. అసలు కాలు ఎట్ల పోయిందని ఒక్కనాడన్న అడిగినవా? పెరటి సెట్టు మందుకు రాదన్నది నిన్ను సూసే అన్నరు.

హర్యా శుక్రవారం మళ్ళొచ్చిండు. దగ్గు బాగ ముదిరింది. మిర్యాలగూడ దవాఖానల ఎక్స్‌రే బొమ్మ తీయించుకున్నడట. ఈ ముసలాయన జవాబు ఇనకుండనే పోతడేమోనని నాకు బుగులైతుంది. పోతే మీ బావ ఇగ మనిషి గాడు. ఇప్పుడే సగం గాడు.

మీ అక్క


కోదాడ,
10-9-2003.

అక్కా,

మన గడప మీద వేసేది వేరు. వాళ్ళు దాన్ని జెండాకెక్కించి, దాని కింద పిల్లాజెల్లా అని చూడకుండా లక్షల లక్షల మందిని చంపారు. అందుకే తీసేశారు. తీసేసినంత మాత్రాన పోతుందా అంటే, అది నాకు తెలియదు. నేను మోటార్లు చుట్టేవాణ్ణి.

బావను నేనేమని అడగను? అన్నం తింటుంటే అడగాలా, గొర్రెలు తోలుతుంటే అడగాలా? ఆయన మొహం చూస్తే నాకు భయం. ఈ బిళ్ళలు నా మొహం వైపు చూడవు.

డబ్బా బీరువాలో పెట్టు. గాలి తగలనియ్యకు. ఇది మూడోసారి చెప్పడం.

మధు


మాడుగులపల్లి,
28-9-2003.

తమ్మీ మధూ,

మొన్న గురువారం పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస మంచిగనే అయింది. నువ్వు రాలే. ఎప్పుడొచ్చినవ్ గన్క.

ఒక మంచి పని సేసిన, సెప్త. ఆ నల్ల బిళ్ళ వచ్చినకాడికెల్లి మీ బావ దాన్ని జేబుల ఏసుకొని తిరుగుతున్నడు. సచ్చినాయన సొమ్ము ఇంట్ల పెట్టుకొని ఆయనకు పిడికెడు బువ్వ పెట్టకుంటే ఎట్ల? ఏ ఊరాయనైతేంది. అందుకే పెద్దల గూట్ల మన అమ్మ నాయిన పక్కన ఆయన్ని గూడ కూసోబెట్టిన. అయ్యగారికి బియ్యమిచ్చేటప్పుడు పేరు, గోత్రం అడిగిండు. నువ్వు పేరు రాయలే. "జర్మనాయన" అన్న. అయ్యగారు నా దిక్కు, బిళ్ళ దిక్కు సూసి, పేరు లేకుంటే బువ్వ ఎవరికి ముడుతదమ్మా అన్నడు. వచ్చే ఏటికి కనుక్కొని సెప్త, ఇప్పటికైతే ముట్టియ్యమని బతిమాలిన.

గూట్ల పెట్టేముందు ఇత్తడి గిన్నెలతోని పాటు దాన్ని గూడ చింతపండు, బూడిద పెట్టి తోమిన. ఎంత మురికి పట్టిందో అనుకున్నవ్! గంట సేపు తోముతే నలుపంత పోయి లోపలికెల్లి ఎండిలెక్క తళతళ మెరిసింది. నలుపైతే ఒకటో రెండో దెబ్బలు, ఎండైతే మూడు నాలుగు అని నువ్వే రాసినవ్ గద. పోనియ్, మనింట్ల ఆయనకు కొంచెం పెద్దరికమన్న అయింది.

పద్మను అడిగిన్నని సెప్పు.

స్వరూప


కోదాడ,
4-10-2003.

అక్కా,

నీ ఉత్తరం చదివి షాపు షట్టరు దించేసి కూర్చున్నాను. గిరాకీలు తలుపు కొట్టిపోయారు.

అది మురికి కాదు. అది రంగు. ఆ నలుపే దాని విలువ, ఆ నలుపే ఆయన గాయం. కొత్తగా పోసినప్పుడే నల్లగా పోశారు. ఏం అర్హతతో ఆయన్ని పెద్ద చేశావు? ఎదుటివాళ్ళ వస్తువు నీ చేతిలో పెడితే చింతపండుతో తోముతావా? గాలి తగలనియ్యకు అని రాస్తే బూడిద పెట్టావు. మూడుసార్లు చెప్పాను, మూడుసార్లు!

ఇరవై రెండింటిలో ఏది తోమినా నీకు దండం పెట్టి ఊరుకునేవాణ్ణి. ఆ ఒక్కటే దొరికిందా? రేపు హైన్జ్ గారొచ్చి చూపించమంటే నేనేం చూపించాలి?

నువ్వు చిన్నప్పుడూ అంతే. నా తెలుగు వాచకం తడిసిందని పొయ్యి మీద పెట్టి ఆరబెట్టావు.

మధు


మాడుగులపల్లి,
12-10-2003.

మధూ,

వాచకం మాడింది నిజమే. దానికి నాయిన సేత దెబ్బలు తిన్నది నేను. నల్ల బిళ్ళ ఇస్తవా నాకు?

తప్పయింది. ఇగ రాస్తున్న సూడు, తప్పయింది. నాకు తెల్వదు. నువ్వు నలుపు రంగు అని సెప్పినవ్ గని తోమొద్దని సెప్పినవా? గాలి తగలొద్దన్నవ్, నేను నీళ్ళు తగిలించిన. ఇంట్ల దేనికి నలుపు పట్టినా తోమే సేతులు ఇవి.

గని ఒక్క మాట. ఆయన కొడుకు నిన్ను నమ్మిండు సరే. నువ్వు ఆయన పేరన్న అడిగినవా? ఐదేండ్లు పెట్టుకున్నవ్. నేను ఒక్కనాడు పెట్టుకొని బువ్వ పెట్టిన. ఎవరు పాడు సేసిండ్రో నువ్వే సెప్పు.

ఇగ నాకు రాయకు.

స్వరూప


కోదాడ,
9-2-2004.

అక్కకు,

నాలుగు నెలలు నువ్వూ రాయలేదు, నేనూ రాయలేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

పోయిన నెల మొదట్లో సూర్యాపేట వెళ్ళి కంప్యూటర్ తెరిస్తే హైన్జ్ గారి జాబు ఉంది. మార్చి మొదటి వారం ఫ్యాక్టరీకి వస్తున్నారట. ఇదే ఆఖరుసారట, వయసైపోయిందట. నాన్నగారి బిళ్ళ ఒకసారి చూడాలని ఉందన్నారు. మా అక్క దగ్గర భద్రంగా ఉంది, మాడుగులపల్లి రోడ్డు మీదే ఇల్లు అని రాశాను. ఇంకేం రాయను?

దారి ఆలోచించాను. ఆ డబ్బాలోని రష్యా చలిలో కొట్లాడినవాళ్ళ బిళ్ళ, రెండు సిలువలు తర్వాత ఇస్తానని మాటిచ్చి, ఒకాయన దగ్గర ఇంకో నల్ల బిళ్ళ తెప్పించాను. రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. అచ్చు అదే. వీటి మీద పేర్లుండవక్కా, అన్నీ ఒకే అచ్చులో పోసినవి. కన్నకొడుకు కూడా పోల్చలేడు. ఆయనొచ్చినప్పుడు ఇది చేతికివ్వు, టీ పొయ్యి, పంపించు. తోమినది ఎక్కడన్నా దాచెయ్.

నేను రాలేను. యాసంగి పొలాలకు మోటార్లు కాలిపోయి వరస కట్టాయి. నిజంగానే రాలేను.

మధు


(పోస్టు కార్డు)
మాడుగులపల్లి, 20-2-2004.

మధూ, నువ్వు పంపిన రెండో బిళ్ళ ముట్టింది. మొదటి ఇరవై మూడు గూడ డబ్బాల భద్రమే. ఒకాయన నాయినది అడిగితే ఇంకొకాయన నాయినది సేతుల పెట్టి ఇదే మీ నాయిన అని సెప్పమంటవా? రేపు ఎవరన్న మన నాయిన పోటో అడిగితే పక్కింటోళ్ళ నాయిన పోటో ఇస్తవా? నాతోని గాదు. మోటార్ల మీద పెట్టి తప్పించుకోకు, నువ్వే రా. స్వరూప


కోదాడ,
26-2-2004.

అక్కా,

నీకు పుణ్యముంటుంది, కార్డు మీద రాస్తారా ఎవరన్నా? పోస్టాయన పద్మ చేతికిచ్చాడు. పద్మ చదివింది. వాళ్ళమ్మ చదివింది. ఎడమ కాల్వలో పారేసిన డబ్బా మాడుగులపల్లిలో ఎట్లా తేలిందని అడిగింది. మూడు రోజుల నుంచి నాలుగిళ్ళ అవతల ఉంది. అన్నం మాత్రం పంపుతోంది, మాట లేదు.

నీకు నచ్చినట్టు చెయ్. నేను మాత్రం ఆయన ముందు నిలబడలేను. నన్ను నమ్మిన మనిషి కళ్ళలోకి చూసి, మా అక్క చింతపండుతో తోమిందని నేను చెప్పలేను.

మధు


మాడుగులపల్లి,
8-3-2004.

తమ్ముడు మధుకు స్వరూప రాసేది, జర కుదురుగ కూసొని సదువు.

మొన్న శనివారం ఆయనొచ్చిండు. ఫ్యాక్టరీ జీపు, సాగర్ అని డ్రైవరు. నేను నిజమే సెప్పాలని రెండు రోజులకెల్లి మనసు గట్టి సేసుకున్న. గని ఆ ఆరడుగుల తెల్ల ముసలాయన వంగి, రెండు సేతులు జోడించి, అక్క అన్నడు సూడు, నా ధైర్నమంత దిగిపోయింది. లోపలికి పోయి రెండు బిళ్ళలు రెండు సేతులల్ల పట్టుకొని నిలబడ్డ. నీకు సెప్తే ఏముంది, నల్లదే ఇచ్చేద్దామని ఒక అడుగేసిన. అబద్ధం ఎంత అల్కగ ఉంటదో అప్పుడు తెలిసింది. నిన్ను తిట్టిన తిట్లల్ల సగం వాపసు తీసుకుంటున్న.

అడుగు సప్పుడైంది. మీ బావ. మేకు మీది కాలు తొడుక్కొని వచ్చిండు. రెండు కాళ్ళ మీద ఆయన నడిసే సప్పుడు పెండ్లయినంక నేను ఇన్నది తక్కువ, లంకకెల్లి వచ్చినంక అసలే ఇనలేదు. నా సేతులల్లకెల్లి రెండు తీసుకొని పోయి ఆయన ముంగట పెట్టి, ఇంగ్లీషుల, ఇది మీ ఫాదరు, ఇది ఇంకో మనిషి అన్నడు. నా భార్య కడిగింది, గౌరవం కొద్ది కడిగింది అన్నడు. నాకు తెలుసు మీ బావకు గంత ఇంగ్లీషు వచ్చని? ఇరవై ఏండ్ల సంసారంల నాకు రెండు ముక్కలు తెలుగుల సెప్పడానికే పరేషానైన మనిషి.

హైన్జ్ సారు తోమినదాన్ని సేతిల పట్టుకొని కిటికీ దిక్కు తిప్పి సూసిండు. సారు కండ్ల నీళ్ళు జూసి నేను అయిపోయిందనుకున్న. తరువాత నవ్విండు. ఆయన సెప్పింది సాగర్ తెలుగుల సెప్పిండు. వాళ్ళ నాయినకు రష్యాల కాలు పోయిందట. లెక్క ప్రకారం ఎండి బిళ్ళకు హక్కుందట. కొత్త చట్టమొచ్చినప్పుడు అందరు ఉరికి తమ తమ లెక్కల ప్రకారం పోయించుకుంటే, ఆయన మాత్రం నల్లదే అడిగిండట. కొడుకు ఎందుకని అడిగితే ఇట్ల అన్నడట: "కాలు పోయిన ఊరికి మేమే నిప్పు పెట్టినం. దానికి బిళ్ళ వద్దు. మొదటి దెబ్బ తోటోన్ని వీపు మీద మోసుకొస్తుంటె తాకింది. అదొక్కటే నాది."

జీవితమంత వద్దన్నదాన్ని నేను గంటల తోమి ఆయన మెడల ఏసిన. నాకు సిగ్గుతోని సావు లెక్కయింది. తమ్ముడు రాసింది నిజమే, నేను పాడు సేసిన అని ఆయనతోనే సెప్పిన. ఉండుండ్రి అని లోపలికి పోయి, ఆముదం దీపం మీద మూకుడు బోర్లించి మసి పట్టి, కాటుక నూరి, ఏలితోని ఆ బిళ్ళకు పూసిన. ఆకుల సందులల్ల, టోపి మీద, కత్తుల మీద. ఆయన పక్కన కూసొని సిన్న పిలగానిలెక్క సూసిండు. నీ నలుపంత మంచిగ రాలేదు గని, నల్లగయితే అయింది. రుమాలుల కట్టుకొని జేబుల పెట్టుకున్నడు. నీ మీద కోపం లేదట. మధు ఎందుకు రాలేదని మూడుసార్లు అడిగిండు. మోటార్లని సెప్పిన. నవ్విండు.

పేరు అడిగిన. ఓట్టో. కాగితం మీద రాయించి పెట్టుకున్న. ఈ పెత్రమాసకు అయ్యగారు నోరు తెరవడానికి లేదు.

అసలు ముచ్చట ఇప్పుడు. ఇదంత అయినంక మీ బావ లేసి, సాగర్, జీపు తండాకు పోతదా అని అడిగిండు. నేను ఇన్నది నిజమో కాదో అని నిలబడ్డ. సారును గూడ ఎక్కించుకొని పోయినం. నేను ఎనక కూసున్న, ఎవరు రమ్మనకున్నా.

హర్యా మంచం మీద ఉన్నడు. భార్య లింగమ్మ దగ్గరుంది. మీ బావ మంచం పక్కన కింద కూసున్నడు, ఆ ఇనప కాలు సాపి. హర్యా అడగనే లేదు. అడిగి అడిగి ఇసిగిపోయినట్టుంది. మీ బావనే సెప్పిండు.

"కాకా, సర్కారు కాగితంల నీ కొడుకు ముందుకురికి కొట్లాడుకుంట సచ్చిండని రాసిండ్రు. అట్ల గాదు. నా కాలు పోయింది. వదిలేసి పో అన్న. పోలే. నన్ను భుజం మీదేసుకొని ఎనకకు నడిసిండు. నన్ను మోసుకుంట సచ్చిండు."

ఆ కాగితంల అబద్ధమే నయమని ఇన్నేండ్లు సెప్పలేదట. ముందుకు పోయి సచ్చినోని తండ్రి అని హర్యాను ఊరంత అంటరు, ఎనకకు వస్తుంటె సచ్చిండంటే ఏమనుకుంటడో, పైగా ఎవని కోసం సచ్చిండో ఆ మనిషి ఎదురుంగనే కూసుంటడాయె. నాతోని గూడ అనలేదురా. పదహారేండ్లు నా పక్కన పండుకొని నాతోని అనలేదు.

హర్యా పైకప్పు దిక్కు సూస్తుండు. "ఎంత దూరం మోసిండు?" అని అడిగిండు. నూరడుగులు ఉంటదని మీ బావ అన్నడు. హర్యా లింగమ్మ దిక్కు తిరిగి వాళ్ళ భాషల ఏదో సెప్పిండు. ఆమె లోపలికి పోయి సెంబుల నీళ్ళు తెచ్చి ముందుగాల మీ బావకిచ్చింది.

ఎవరూ ఏడ్వలేదు. నేనే ఏడ్సిన, జీపులకు వచ్చినంక.

ఆ రెండో నల్ల బిళ్ళ నా కాడనే ఉంది. తోమలే, భయపడకు. గని అదెవరిదో కనుక్కో. పెత్రమాసకు ఏడు నెలలుంది.

మీ అక్క,
స్వరూప


కోదాడ,
18-3-2004.

అక్కకు,

నీ ఉత్తరం పద్మకు చదివి వినిపించాను. వాళ్ళింట్లో, అందరి ముందు. చదివాక ఏం మాట్లాడకుండా నాతో వచ్చేసింది. డబ్బా తెచ్చుకోమంది, కానీ గూట్లో కాదు, షాపులో పెట్టమంది. అదే పదివేలు.

రెండో బిళ్ళ పంపినాయనకు రాశాను, ఇది పెట్టుకున్న మనిషి పేరేంటని. ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, ఇంతవరకు ఎవరూ అడగలేదు అని జవాబొచ్చింది. వెతుకుతానన్నాడు.

నీ ముందు తలెత్తుకోలేను. మోటార్లు ఎక్కువ లేవక్కా ఆ రోజు. ఒక్కటే ఉంది, అది కూడా సాయంత్రానికి అయిపోయింది. నేను కూర్చుని దానికే మళ్ళీ తీగ చుట్టాను.

ఒకటి అడుగుతాను, తిట్టకు. బావకు కూడా మన సర్కారు ఒక బిళ్ళ ఇచ్చింది కదా, ఆ పాదం పోయినప్పుడు. తెల్లది, ఎర్ర పట్టీది. బియ్యం డబ్బాలో అడుగున ఉందని అమ్మ ఒకసారి అన్నది. నేనెప్పుడూ చూడలేదు. వచ్చే నెల మొదటి ఆదివారం వస్తాను. బావ దగ్గర కూర్చుంటాను. ఆయన చెప్తే వింటాను, చెప్పకపోతే ఊరికే కూర్చుంటాను. ఆ బిళ్ళ ఒక్కసారి చూపిస్తాడేమో అడుగు. తీసుకోవడానికి కాదు.

నీ తమ్ముడు,
మధు


మాడుగులపల్లి,
25-3-2004.

తమ్మీ,

ఉత్తరం సూసిన. ఏడు నెలల నుంచి రాసిన తిట్లకు ఇప్పుడు ఫలితమొచ్చింది. ఆ ఆదివారం తప్పకుండ రా. పద్మను తోలుకరా. నాటుకోడి కోస్త.

బిళ్ళ మాత్రం సూడలేవు. బియ్యం డబ్బా గుమ్మరించి సూసిన, లేదు. మీ బావను అడిగితే, ఆనాడు జీపు ఎక్కేటప్పుడే జేబుల ఏసుకున్నడట. నాకు సెప్పకుండ లింగమ్మ సేతుల పెట్టొచ్చిండు. సూసినవా, నాకు మళ్ళ సెప్పలే. ఈయనకు ఈ జన్మల నోరు రాదు.

నిన్న హర్యాకు జావ తీసుకొని తండాకు పోయిన. బిళ్ళ హీరాలాల్ పోటో ముంగట గూట్ల ఉంది. తళతళ మెరుస్తుంది. లింగమ్మ రోజు పొద్దుగాల చింతపండు పెట్టి తోముతదట. మన సర్కారు బిళ్ళల అంచు మీద మనిషి పేరు సెక్కి ఉంటదంట గద, దీని మీద మీ బావ పేరు, నంబరు ఉన్నయి. గిట్ల రోజు తోముతే పేరు అరిగిపోతదమ్మా అని లింగమ్మకు సెప్పొచ్చునా అని మీ బావను అడిగిన.

గొర్లకు ఆకు ఏస్తున్నోడు ఎనకకు సూడకుండనే, "అరగనియ్" అన్నడు.

ఎదురుసూస్తుంట,
అక్క